కలుషిత రక్తానికి పరిహారం: నిరూపణ భారం ఎవరిది?

ఖరగ్‌పూర్ శివార్లలోని విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక కార్మికుడు యంత్రంలో చేయి నలిగి ఆసుపత్రి పాలయ్యాడనుకుందాం. అతనికి ఎక్కించిన రక్తం వల్ల హెచ్‌ఐవి గానీ, హెపటైటిస్-సి గానీ సోకిందని ఎనిమిదేళ్ల తర్వాత బయటపడితే నష్టపరిహారం ఎవరిని అడగాలి? రైల్వే వర్క్‌షాపు కాలం నుంచి వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఆ పట్టణానికి ఇది ఊహాప్రశ్నే కావచ్చు. కానీ అదే ఆగ్నేయ రైల్వే పరిధిలో, జార్ఖండ్‌లోని చైబాసాలో అది ఊహ కాదు.

తలసీమియాతో బాధపడుతూ అక్కడి సదర్ ఆసుపత్రిలో రక్తం ఎక్కించుకుంటున్న అయిదుగురు పిల్లలకు హెచ్‌ఐవి ఉన్నట్లు 2025 అక్టోబరులో వెల్లడైంది. ప్రభుత్వం సివిల్ సర్జన్‌ను సస్పెండ్ చేసి, ఒక్కో కుటుంబానికి 2 లక్షల రూపాయల సహాయం ప్రకటించింది. ఇది సహాయమే తప్ప పరిహారం కాదన్నది గమనించవలసిన విషయం.

మిగిలిన ఉదంతాలతో పోల్చి చూస్తే వ్యత్యాసం విస్మయం కలిగిస్తుంది. తమిళనాడులోని సాత్తూరులో 2018లో హెచ్‌ఐవి రక్తం ఎక్కించిన గర్భిణికి 25 లక్షల రూపాయలు, ఇల్లు ఇవ్వాలని మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2019లో ఆదేశించింది. 2002లో సైనిక ఆసుపత్రిలో రక్తం ఎక్కించుకున్న వైమానిక దళ ఉద్యోగికి వ్యాధి ఉన్నట్లు 2014లో తెలిసింది. జాతీయ వినియోగదారుల కమిషన్ ఆయన ఫిర్యాదును తోసిపుచ్చింది. 2023 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు మాత్రం, జరిగిన సంఘటనే నిర్లక్ష్యానికి సాక్ష్యమనే న్యాయసూత్రాన్ని వర్తింపజేసి 1 కోటి 54 లక్షల 73 వేల రూపాయలు చెల్లించాలని తీర్పు చెప్పింది. సోకిన వైరస్ ఒక్కటే. పరిహారం మాత్రం రోగి ఎంతకాలం పోరాడగలడు, ఏ కోర్టు వరకు వెళ్లగలడు అన్నదాన్ని బట్టి మారుతోంది.

చట్టంలోని గడువులు రోగికి మరో అవరోధం. రక్తనిధులు తమ రికార్డులను అయిదేళ్లు భద్రపరిస్తే చాలు. హెపటైటిస్-సి పదేళ్ల దాకా లక్షణాలు చూపకుండా ఉండగలదు. అంటే వ్యాధి బయటపడేసరికి సాక్ష్యం చెత్తబుట్టలో ఉంటుంది. వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించడానికి గడువు రెండేళ్లే. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఈఎస్‌ఐ చందా కట్టే కార్మికుడు ఆ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చని 2007లో స్పష్టం చేయడం కొంత ఊరట. పేరు నమోదు కాని కాంట్రాక్టు కూలీ మాత్రం తాను ఆ కర్మాగారంలో పనిచేశానన్నదే ముందు నిరూపించుకోవాలి!

అసలు చిక్కు మరొకటి ఉంది. దాతకు వైరస్ సోకిన తొలి రోజుల్లో సాధారణ పరీక్షలకు అది దొరకదు. నాట్ అనే ఖరీదైన పరీక్ష ఆ వ్యవధిని బాగా తగ్గిస్తుందే కానీ పూర్తిగా తొలగించదు. కనుక రక్తనిధి నిబంధనలన్నీ పాటించినా రోగికి వ్యాధి సోకే అవకాశం ఉంది. నిర్లక్ష్యం నిరూపిస్తేనే పరిహారం అన్నంత కాలం అటువంటి రోగికి దక్కేది శూన్యం. తప్పు ఎవరిదన్న దానితో నిమిత్తం లేకుండా చెల్లించే శాశ్వత నిధి అవసరమనడానికి ఇదే ప్రధాన కారణం.

బ్రిటన్ ఆ మార్గానికి రావడానికి దశాబ్దాలు పట్టింది. అక్కడ 30 వేల మందికి పైగా కలుషిత రక్తం, రక్తోత్పత్తుల వల్ల వ్యాధుల పాలైనట్లు న్యాయమూర్తి బ్రయాన్ లాంగ్‌స్టాఫ్ విచారణ సంఘం 2024 మే 20న నివేదించింది. ప్రభుత్వం ప్రత్యేక పరిహార సంస్థను నెలకొల్పి, ఆ ఏడాది బడ్జెట్‌లో 1,180 కోట్ల పౌండ్లు కేటాయించింది.

మన దేశంలో వృత్తిరీత్యా రక్తం అమ్ముకునే పద్ధతిని రెండేళ్లలో రూపుమాపాలని సుప్రీంకోర్టు 1996 జనవరి 4న ఆదేశించింది. జాతీయ, రాష్ట్ర రక్తమార్పిడి మండళ్లు ఆ తీర్పు ఫలితమే. సరఫరాకు మండళ్లు ఏర్పడ్డాయి కానీ, ఆ సరఫరాలో దెబ్బతిన్నవారికి ఎటువంటి నిధీ ఏర్పడలేదు. తలసీమియా పిల్లలకు కొద్ది వారాలకోసారి రక్తం ఎక్కించక తప్పదు. చైబాసా పిల్లలు ఇప్పుడు దానికి తోడు జీవితాంతం హెచ్‌ఐవి మందులు కూడా వాడాలి. 2 లక్షల రూపాయలను ఏ లెక్కన నిర్ణయించారో జార్ఖండ్ ప్రభుత్వమే చెప్పాలి.