ఆన్‌లైన్ డిగ్రీ, జిరాక్సు పుస్తకం

పరీక్షలకు పది రోజుల ముందు ఒంగోలులో ఏ జిరాక్సు షాపు దగ్గర నిలబడినా ఆన్‌లైన్ చదువు అసలు రూపం తెలుస్తుంది. టంగుటూరు నుంచో చీమకుర్తి నుంచో వచ్చిన పిల్లలు ఫోన్‌లో ఉన్న పీడీఎఫ్‌ను షాపతనికి వాట్సాప్ చేసి, ‘‘రెండు వైపులా తియ్యన్నా, స్పైరల్ బైండింగ్ వెయ్యి’’ అంటారు. అంతా తెర మీదే అనుకుని చేరిన చదువు చివరికి కాగితం మీదికే వస్తోంది. ఆ కాగితం ఖర్చు మాత్రం విశ్వవిద్యాలయం మీద నుంచి విద్యార్థి మీదికి జారింది.

అయిదు పేపర్లు, పేపరుకు మూడు వందల పేజీలు, పేజీకి రూపాయి వేసుకున్నా 1,500 రూపాయలు. మిరపకోతకు వెళ్లే తల్లికి అది ఇంచుమించు నాలుగైదు రోజుల కూలి. ముద్రిత పుస్తకాలు వద్దనుకుంటే ఇగ్నో ఫీజులో 15 శాతం తగ్గిస్తుంది. ఎంపిక విద్యార్థికే వదలడం మంచిదే. కానీ ఆ తగ్గింపు కోసం ముందుగా చెయ్యెత్తేది డబ్బుకు ఇబ్బందిపడేవారే. తర్వాత జిరాక్సు షాపు ముందు నిలబడేదీ వాళ్లే.

కాగితం మీద ఇంత పట్టుదల పాతకాలపు మమకారమేం కాదు. అంతకుముందు జరిగిన 54 అధ్యయనాలను, లక్షా డెబ్బై వేలకు పైగా పాఠకుల ఫలితాలను కలిపి చూసిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. కథ చదివితే తెరకూ కాగితానికీ తేడా కనిపించలేదు. సమాచారం నిండిన పాఠమైతే కాగితం మీద చదివినవారికే బాగా అర్థమైంది. సమయం తక్కువున్నప్పుడు ఆ తేడా ఇంకా స్పష్టం. ఏళ్లు గడిచి తెరలు అలవాటయ్యేకొద్దీ అది తగ్గలేదు, పెరిగింది.

పైగా మన పిల్లల తెర కంప్యూటర్ కాదు, అరచేతిలో ఫోన్. ఎ4 సైజు పేజీని అందులో పెద్దది చేసి, వాక్యం వాక్యానికీ కుడికీ ఎడమకీ జరపాలి. అర్థశాస్త్రంలో గిరాకీ రేఖ ఒక పేజీలో, దాని వివరణ మరో పేజీలో ఉంటే రెండూ ఒకసారి కంటికి ఆనవు.

డిజిటల్‌కు ఉన్న బలం నాకు తెలియనిది కాదు. నేను దూరవిద్యలో ఎం.ఏ. చదివినప్పుడు ఒక పేపరు పుస్తకం ఆ పరీక్ష రాసి వచ్చిన వారానికి పోస్టులో అందింది. ఇప్పుడైతే ఆ సాయంత్రానికే ఫోన్‌లో ఉండేది. చూపు లేనివారికి ఫోనే పాఠం చదివి వినిపించగలదు. అయితే అందుకు పాఠం యూనికోడ్‌లో ఉండాలి. మన తెలుగు పాఠాలు చాలావరకు డీటీపీ కోసం పాత ఫాంట్లలో కొట్టినవి, లేదా పుస్తకాన్ని స్కాన్ చేసి పెట్టినవి. వాటిలో ఒక మాట వెతికితే దొరకదు, చదివించబోతే అర్థంలేని అక్షరాలు వినిపిస్తాయి. కాగితం సుఖమూ లేదు, కంప్యూటర్ సౌకర్యమూ లేదు. దీన్ని డిజిటల్ పాఠం అనడం విద్యార్థిని మోసం చేయడమే.

తెలుగులో పాఠం రాయడం చేతకాక ఈ గతి పట్టలేదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది మన గడ్డ మీదే. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. టీచరు పక్కన లేకపోయినా అర్థమయ్యేలా రాసిన దాని తెలుగు పుస్తకాలను, ఆ డిగ్రీతో సంబంధం లేని గ్రూప్స్ అభ్యర్థులు కూడా వెతికి కొనుక్కున్నారు. అక్క చదివిన పుస్తకం తమ్ముడికి, తమ్ముడి దగ్గర్నుంచి పక్కింటి పిల్లకు చేరేది. ఇప్పటి పీడీఎఫ్ ఫోన్ పాడైతే పోతుంది, కోర్సు గడువు ముగిసి లాగిన్ ఆగితే మళ్లీ తెరుచుకోదు.

అందుకే పుస్తకం ఫీజులోనే కలిసి ఉండాలి. వద్దన్నవారికి తగ్గింపు ఇవ్వండి, అదీ అసలు అచ్చు ఖర్చుకు తగ్గకుండా. డిజిటల్ ప్రతి యూనికోడ్‌లో, ఫోన్ వెడల్పుకు తగ్గట్టు అక్షరాలు సర్దుకునేలా ఉండాలి. ఒంగోలులోనే ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఉంది. ఏ విశ్వవిద్యాలయంలో ఆన్‌లైన్‌గా చేరిన పిల్లలైనా వచ్చి తీసుకెళ్లేలా, కోర్సుకు పది సెట్ల పుస్తకాలు అక్కడి లైబ్రరీలో పెట్టించవచ్చు. పది సెట్లంటే ఒక బీరువాలో రెండు అరలు.