అల్లర్లు పాతబస్తీవీ, శాంతి మనదీనా?

“ఇక్కడ అందరికీ పని ఉంది. మతం గురించి ఆలోచించే తీరిక ఎవరికుంది? అందుకే హైటెక్ సిటీలో అల్లర్లు జరగవు” అని మొన్న మాదాపూర్‌లో టీ తాగుతూ ఒక మిత్రుడు తీర్పు చెప్పాడు. ఈ మాట ఏళ్ల తరబడి వింటున్నాను. విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

1990 డిసెంబరు మతకలహాలలో పాతబస్తీలో వందమందికి పైగా బలయ్యారు. ఆ నెలలోనే చెన్నారెడ్డి ముఖ్యమంత్రి పదవి వదిలారు. ఆయనను దించడానికి సొంత పార్టీవారే ఈ మంట పెట్టించారన్నది నాటి నుంచీ వినవస్తున్న ఆరోపణ. అందులో నిజమెంతైనా, మనకది ఎంతో సుఖమైన వివరణ. రాజకీయులు చేశారు, మతానికి సంబంధం లేదు! మరి కత్తి పట్టిన చెయ్యి ఎవరిది? సుధీర్ కాకర్ ఆ ప్రశ్నతోనే పాతబస్తీకి వెళ్లి, ఇరువైపులా బాధితులతోనూ పహిల్వాన్లతోనూ మాట్లాడి, 1996లో ‘ద కలర్స్ ఆఫ్ వయొలెన్స్’ ప్రచురించాడు. మనోవిశ్లేషకుడు గనుక ఆయనకు సమస్తమూ మనసులోనే కనిపిస్తుంది. అక్కడ నాకు పేచీ ఉంది. కానీ ‘నేనెవరిని’ అన్న ప్రశ్నకు మతమే జవాబైన మనిషి విషయంలో, దాన్ని ఎవరి చేతిలోనో పనిముట్టు అని కొట్టిపారేయలేమన్న వాదాన్ని తోసిపుచ్చలేను.

అశుతోష్ వార్ష్ణేయ్ దారి వేరు. 2002లో వచ్చిన గ్రంథంలో ఆయన హైదరాబాదును లక్నోతో పోల్చాడు. 1950 నుంచి 1995 వరకూ లెక్కగడితే, మతకలహాల మరణాలలో పల్లెల వాటా నాలుగు శాతమైనా లేదు. పల్లెకు ఇరుగుపొరుగు పలకరింపు చాలు. నగరంలో వదంతి లేచిన రాత్రి పలకరింపులు నిలవవు. ఇరుమతాలవారూ ఉన్న వర్తక సంఘాలూ, కార్మిక సంఘాలూ నిలుస్తాయంటాడు. లక్నో చికన్ పనిలో హిందూ వర్తకుడికీ ముస్లిం పనివారికీ ఒకరు లేనిదే ఒకరికి గడవదు.

ఈ కొలబద్దను మన వీధికి పెట్టి చూడండి. 1998లో సైబర్ టవర్స్ వెలిసింది మొదలు మనం కట్టుకున్న ఉమ్మడి సంస్థ ఏది? ఉద్యోగుల సంఘమంటేనే మనకు బెదురు. ఉన్నదల్లా క్యాంటీనులో ఒకే బల్ల, రంజానుకు హలీమ్ (హలీమ్ మీద నాకు కోపమేమీ లేదు), దీపావళికి మిఠాయి. వార్ష్ణేయ్ లెక్కలో ఇదంతా పలకరింపే. పాతబస్తీకీ మనకూ నడుమనున్న దూరాన్ని శాంతి అని పిలుచుకుంటున్నాం.

కొన్నేళ్ల క్రితం మా జట్టులోని ఒక ముస్లిం సహోద్యోగి కొండాపూర్‌లో అద్దె ఇల్లు వెతుకుతుంటే, మా పక్క ఫ్లాటు ఖాళీగా ఉందని ఓనరుకు నేనే ఫోను చేశాను. ఆయన జీతం అడగలేదు, పేరు అడిగాడు. చెప్పాను. “మా వాళ్లతో మాట్లాడి చెబుతానండీ” అన్నాడు. మళ్లీ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. నెల తిరగకుండా అందులో వేరేవాళ్లు దిగారు. అపార్ట్‌మెంటు సంఘం సమావేశానికి వెళ్లి, పార్కింగు గురించి గంటసేపు వాదించి వచ్చాను. సహోద్యోగి టోలీచౌకీలో ఇల్లు తీసుకున్నాడు. ఆ ఫ్లాటు ఏమైందని నన్నెప్పుడూ అడగలేదు.