మూతపడిన కార్ఖానాలు ఎవరి పాలు?

మిల్లు మూతపడినదనగానే పెద్దలకు తోచునది పడగొట్టుట యొక్కటే. గోడలకు వెలలేదు, జాగాకే వెల యని వారి లెక్క. ఈ లెక్క తప్పని మా అభిప్రాయము. అందుకు అమెరికాలోని బోస్టన్ నగరపు పియానో కార్ఖానా నొకదానిని మన కులబాంధవుల దృష్టికి తెచ్చుచున్నాము.

జోనాస్ చికరింగ్ మొదట కొయ్యసామానుల పనివాడు. పియానో తీగల బిగువుకు కొయ్యచట్రము తాళలేకపోవుచుండగా, ఒకే పోతగా పోసిన ఇనుపచట్రమును రూపొందించి 1840లో పేటెంటు పొందెను. పడుగు బిగువు చూచుకొని బ్రతుకు మనకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. 1852 డిసెంబరులో ఆయన కార్ఖానా కాలిపోయెను. వెంటనే ట్రెమాంట్ వీధిలో, నడుమ ముంగిలి విడిచి, ఇటుకతో బహు పెద్ద భవనము నారంభించెను. అది పూర్తికాక మునుపే, 1853 డిసెంబరులో, కన్ను మూసెను. కుమారులు పని సాగించిరి. నలువైపుల వరుసలు తీరిన కిటికీలు. సున్నితపు పనికి వెలుతురు కావలెను గదా!

1920ల చివర పియానోల పని అక్కడినుండి తరలిపోయెను. తరువాత చిల్లర పరిశ్రమలు చేరినవి. అయినను భవనమును కూల్చలేదు. 1974 నాటికి దానిని 170కి పైగా వాటాలుగా మార్చిరి. చిత్రకారులు, శిల్పులు మున్నగువారు అక్కడనే కాపురముండి, అక్కడనే పనిచేసికొను ఏర్పాటది.

దీనిని వారు కొత్త యోచన యనిరి. మనకిది కొత్తయా? మగ్గము ఇంటిలో, ఆసుపోత వసారాలో, కండెలు చుట్టుట వంటింటి గడపలో - మన తాతలనాటి ఇల్లే ఇది. షోలాపురములోను, భివండిలోను ఇరుకు గదులలో కాపురముండు మనవారు ఎందరో నేటికిని ఇట్లే పనిచేయుచున్నారు.

బొంబాయి సంగతి చూడుడు. 1982 సమ్మెలో సుమారు 2.5 లక్షల మిల్లు కార్మికులు పాల్గొనిరి. వారిలో మన తెలుగు పద్మశాలీలును గలరు. 1991 నియమము మిల్లు జాగాలలో మూడవవంతు నగరపాలికకు, మూడవవంతు గృహనిర్మాణమునకు, మిగిలినది యజమానికి అని చెప్పెను. 2001లో దానిని సవరించి, కట్టడములు లేని ఖాళీ జాగాకు మాత్రమే పంపకమనిరి. 2006లో సుప్రీంకోర్టు సవరణను సమర్థించెను. ఫలితముగా ప్రజల వాటా మిక్కిలి తగ్గెను. వస్త్రము నేసినచోట అంగళ్ళ మేడలు లేచినవి. నేసినవాడు ఊరి చివరకు పోయెను.

యజమానులు జాగా వెల వదలుకొందురా యని కొందరడుగవచ్చును. ఊరకే వదలుకొనరు, నిజమే. కాని మూతపడిన ప్రతి షెడ్డు పెద్ద నగరపు నడిబొడ్డున లేదు. చిన్న పట్టణములలో తుప్పుపట్టుచున్న మరమగ్గముల షెడ్డుల కంత గిరాకీ యుండదు. అద్దెకైనను, సహకార సంఘము పేర కొనుటకైనను అడుగవచ్చును. గుంటమగ్గమునకు క్రిందిభాగము, కాపురమునకు పైభాగము. పాతగోడలు, కప్పు నిలుచునో లేదో ముందు ఇంజనీరుచే చూపింపవలెను. ఆ ఖర్చుకు వెనుదీయరాదు.

ప్రతి శాఖా సంఘమువారును తమ ఊరిలో మూతపడిన షెడ్డులెన్ని, ఎవరివి, కప్పు ఎట్లున్నది అను జాబితా వ్రాసి రాబోవు మహాసభకు తేవలసినదిగా కోరుచున్నాము.