ముత్తమ్మ అడిగిన ప్రశ్న

రాయబారి అనగానే జెండా కట్టిన కారు, విందులు, కరచాలనాలు గుర్తొస్తాయి. మూడేళ్లకోసారి ఇల్లు సర్దుకోవడం, పిల్లల్ని మళ్లీ కొత్త బడిలో వేయడం, కన్నవాళ్లకు జబ్బు చేసిందని తెలిసినా వెంటనే రాలేకపోవడం బయటివాళ్లకు కనిపించవు. ఆ ఉద్యోగాన్ని ఒక్కరు చేసినా, దాని బరువు ఇంటిల్లిపాదీ మోస్తారు. పెళ్లయిన ఆడది ఈ బరువు మోయలేదని సర్కారే రూలు రాసిపెట్టుకున్న రోజులున్నాయి. ఆ రూలును సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లిన అధికారి సి.బి.ముత్తమ్మ.

కొడగులోని విరాజపేటలో 1924లో పుట్టారామె. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి పోతే తల్లి పట్టుబట్టి చదివించింది. 1949లో ఇండియన్ ఫారిన్ సర్వీస్‌లో చేరిన తొలి మహిళ ఆమే. ఈ ఉద్యోగం ఆడవాళ్లకు తగదని ఇంటర్వ్యూ బోర్డే వెనక్కి లాగింది. పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని రాసిచ్చాకే చేర్చుకున్నారు. తోటి మగ అధికారులెవరూ అలాంటి కాగితం మీద సంతకం పెట్టలేదు. పారిస్‌తో మొదలైన ప్రయాణంలో 1970లో హంగరీకి రాయబారి అయ్యారు. సర్వీసులోంచి ఆ హోదాకు ఎదిగిన తొలి మహిళ ఆమే.

అంత అనుభవం ఉన్నా, పై గ్రేడు దగ్గరికొచ్చేసరికి ఆమెను పక్కనపెట్టి జూనియర్లకు పదోన్నతి ఇచ్చారు. ముత్తమ్మ కోర్టుకెక్కారు. అప్పటి రూలు ప్రకారం, పెళ్లికి ముందు మహిళా అధికారి ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. సంసారం విధులకు అడ్డమనిపిస్తే ఆమెను రాజీనామా చేయమని ప్రభుత్వం అడగవచ్చు. 1961 నాటి ఈ నిబంధనలను ఆమె సవాలు చేశారు. కేసు విచారణకు వచ్చేలోగా ప్రభుత్వం ఆమెకు పదోన్నతి ఇచ్చింది. అందువల్ల 1979 సెప్టెంబరులో పిటిషన్‌ను కొట్టేశారు. అయినా తీర్పు రాసిన జస్టిస్ కృష్ణయ్యర్ అసలు విషయాన్ని వదల్లేదు. సంసార బాధ్యతలు ఉద్యోగానికి అడ్డమైతే మగవాళ్లకు మాత్రం కావా అని నిలదీశారు. ఆమె సీనియారిటీని మళ్లీ పరిశీలించమన్నారు. పెళ్లికి అనుమతి అడిగే నిబంధన తీసేశామని ప్రభుత్వం కోర్టుకు చెప్పుకోవాల్సి వచ్చింది. కాగితం మీద కేసు పోయినా, ముత్తమ్మే గెలిచారు.

ఆమె 1982లో రిటైరయ్యారు, 2009లో కన్నుమూశారు. ఈలోగా 2001లో చోకిలా అయ్యర్ తొలి మహిళా విదేశాంగ కార్యదర్శి అయ్యారు. తర్వాత నిరుపమా రావు, సుజాతా సింగ్ ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆ దారిలో ముళ్లు ఏరిన చేతులు ముత్తమ్మవి.

హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో సివిల్స్‌కు చదివే మన ఆడపిల్లలు ఎందరో. వారిలో ఎవరైనా ఫారిన్ సర్వీస్ కావాలంటే, దేశాలు పట్టుకు తిరిగితే పెళ్లెలా, పిల్లలెలా అని పెద్దలు బెంగపడతారు. ఆ బెంగ అబ్బాయి విషయంలో ఎందుకు రాదో ఒక్కసారి ఆలోచించాలి. బదిలీలు, పిల్లల చదువులు, జీవిత భాగస్వామి ఉద్యోగం అనే చిక్కులు ఇద్దరికీ ఒకటే. వాటిని ఇద్దరూ కలిసి మోయాలి, ప్రభుత్వమూ సాయపడాలి. సర్కారు తన రూల్లోంచి తీసేసిన షరతును మన ఇళ్లలో మనం పెట్టకూడదు.