పరిశోధనకు గోడలేల?

మన విశ్వవిద్యాలయములలో నేడు 'పరిశోధన' యను మాట వినబడని దినము లేదు. ఏటేట సిద్ధాంత గ్రంథములు సమర్పింపబడుచున్నవి. పట్టములు ప్రదానము చేయబడుచున్నవి. సదస్సులలో పత్రములు చదువబడుచున్నవి. సంతోషమే. కాని ఈ గ్రంథములలో ఎన్ని గ్రంథాలయపు బీరువా దాటి వెలుగు చూచినవి? ఒక శాఖలో జరిగిన కృషి ప్రక్క గదిలోని శాఖకైనను తెలిసినదా? జీవశాస్త్రజ్ఞునకు ఇంజనీరు మాట పట్టదు. ఇంజనీరునకు భౌతిక శాస్త్రము పరీక్షతో ముగిసిన పాఠము. విద్యాశాస్త్రమనిన వీరందరికిని చిన్నచూపు. ఇక అంగవైకల్యము గలవారి పునరావాసమనునది కూడ ఒక శాస్త్రమేయని అంగీకరించువారే అరుదు. ఈ గోడలు ప్రకృతి కట్టినవి కావు. మన సౌకర్యమునకై మనము కట్టుకొనినవి. సౌకర్యమునకు కట్టిన గోడ కన్నులకు అడ్డమగుచున్నప్పుడు దానికొక ద్వారమైనను పెట్టవలెనని నా మనవి.

తెలుగు పాఠము చెప్పుకొనువానికి ఈ విచారమేల యని పాఠకులు అడుగవచ్చును. శాస్త్రము పుట్టునది ప్రయోగశాలలోనే కావచ్చును. అది జనులను చేరునది మాత్రము మాట మూలముననే. మాటతో పనిచేయువానికి శాస్త్రముతో పనిలేదనుట పొసగదు. అదియునుగాక, ఈ విషయమును వట్టి వాదముతో తేల్చుకొనవలసిన అగత్యము లేదు. మన కృష్ణా డెల్టా తరతరములుగా ఎరిగిన ఒక్క వ్యాధిని తీసికొని పరిశీలించినచో, శాస్త్రములు ఒకదానినొకటి ఎట్లు వెదకికొనుచు వచ్చినవో తేటపడును. ఆ వ్యాధి బోదకాలు.

బోదకాలు పూర్వజన్మ పాపమని కొందరు, నీటి గుణమని కొందరు చెప్పుకొనెడివారు. 1877లో చీనాదేశమున అమోయి రేవులో పనిచేయుచుండిన పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు, ఈ రోగమునకు సంబంధించిన సూక్ష్మమగు పురుగుపిల్లలు రోగి నెత్తుటినుండి దోమ కడుపులో ప్రవేశించి అచ్చట పెరుగుచున్నవని కనుగొనెను. మానవ రోగమునకును కీటకమునకును గల సంబంధము తెలిసిన తొలి సందర్భములలో ఇది ముఖ్యమైనది. మరియొక వింత యేమనగా, ఆ పురుగుపిల్లలు పగటివేళ రక్తములో సాధారణముగా చిక్కవు. రాత్రి, దోమ కుట్టు సమయమునకే, పైకి వచ్చును. అందుచేతనే 1955లో జాతీయ ఫైలేరియా నివారణ పథకము ప్రారంభమైన పిమ్మట ఆరోగ్యశాఖ సిబ్బంది రాత్రివేళ ఇల్లిల్లు తిరిగి వ్రేలికొననుండి నెత్తుటి చుక్క తీసికొనవలసి వచ్చినది. సూక్ష్మదర్శిని లేనిచో ఈ జ్ఞానమే లేదు. అది కాంతి శాస్త్రము పెట్టిన భిక్ష. అనగా మొదటి అడుగులోనే జీవశాస్త్రము భౌతిక శాస్త్రపు చేయి పట్టుకొని నడచినది.

ఇక ఔషధము మాట. ఇందు తెలుగువాని పేరు చిరస్థాయిగా నిలిచి యున్నది. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరమున జన్మించిరి. మదరాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి పనిచేసిరి. వారు మొదట కనిపెట్టినది మందు కాదు, ఒక కొలత. శరీర ద్రవములలోని భాస్వరమును రంగు గాఢతను బట్టి లెక్కించు పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. ఆ కొలత చేతనుండుటచేతనే కండరముల శక్తికి సంబంధించిన ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అను పదార్థములు వారికి చిక్కినవి. తరువాత 1940లో సుబ్బారావు గారు లెడర్లీ ప్రయోగశాలకు చేరి, అనేక శాస్త్రజ్ఞులను ఒక్క త్రాటిపై నడిపిరి. ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన కృషి ఆ సమూహమునదే. తన సోదరులను బలిగొనిన స్ప్రూ వ్యాధికి పనికివచ్చిన మందు అదియే. 1947లో వెలువడిన డై ఇథైల్ కార్బమజైన్ కూడ ఆ ప్రయోగశాలలోనిదే. హెట్రజాన్ అను పేరుతో అది బోదకాలు పురుగుపై ప్రయోగింపబడినది. మరుసటి యేటనే, 1948లో, సుబ్బారావు గారు కన్నుమూసిరి. గోదావరి మండలమున పుట్టినవాడు న్యూయార్కు సమీపమున కూర్చుండి చేసిన పని, కృష్ణాతీరపు పల్లెవాని నెత్తుటిలోని పురుగును వెదకికొని వచ్చినది.

ఇచ్చట ఒక మాట నిలకడగా చెప్పవలెను. 'ఈ పరిశోధన వలన లాభమేమి?' యని తొందరపడి అడుగు పెద్దలు మనలో కలరు. 1925లో భాస్వరపు కొలతను చూచి, ఇది యెవని రోగమును కుదుర్చునని అడిగియున్నచో, సుబ్బారావు గారు సయితము బదులు చెప్పలేకపోయెడివారు. కనుక ప్రతి పరిశోధనయు రేపటికే ఫలింపవలెనని నేననుట లేదు. కొలత కొలతగనే గొప్పది. కాని ఆ కొలత ఒక్క శాఖ పెట్టెలో బంధింపబడక, అక్కరగలవాని కంటబడునట్లు ఉండవలెను. అదియే నా వాదము.

మందు వచ్చినదిగదా యని వ్యాధి పోయినదా? పోలేదు. మందు నెత్తుటిలోని పురుగుపిల్లలను చంపగలదు. దోమ పుట్టు గుంటను పూడ్చలేదు. బోదకాలును మోయు దోమ పారు నీటికన్న మురుగు నిలిచిన గుంటలను, కప్పులేని కాలువలను ఎక్కువ కోరును. ఇది వైద్యుని చేతిలోని పని కాదు, ఇంజనీరు చేతిలోని పని. 1833 నాటి డొక్కల కరువు తరువాత, 1852లో ఆరంభించి 1855లో పూర్తిచేసిన కృష్ణ ఆనకట్ట మన డెల్టాకు అన్నము పెట్టినది. దాని వెనుక కాటన్ దొర ప్రేరణయు, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణయు కలవు. 1957లో దాని స్థానమును ప్రకాశం బ్యారేజి అందుకొనినది. కంకిపాడులో పుట్టిన కానూరి లక్ష్మణరావు గారు నీటిపారుదల ఇంజనీరుగను, కేంద్రమంత్రిగను దేశపు నదులన్నిటిని ఒక్క చూపున చూడగలిగిరి. నీరు తెచ్చుటలో మనవారు అంతటి ఘనులు. ఆ నీరు పోవుటకు త్రోవ చూపుటలోనో? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, విజయవాడలో సింగ్‌నగర్ మొదలగు పేటలు దినముల తరబడి నీట నానిన సంగతి ఎల్లరకు తెలిసినదే. సాగునీటి కాలువ త్రవ్వినవానికి లభించు కీర్తి మురుగు కాలువ త్రవ్వినవానికి లభింపదు. పరిశోధనలోను అదే తీరు. మురుగు కాలువను గూర్చి ఆలోచించు ఇంజనీరు ప్రక్కన దోమను గూర్చి ఎరిగిన జీవశాస్త్రజ్ఞుడు కూర్చుండవలెను.

దోమ పోయినను, పురుగు చచ్చినను, ఇదివరకే వాచిన కాలు మాత్రము మందుతో పూర్వపు స్థితికి రాదు. ఇచ్చటనే పునరావాస శాస్త్రము ప్రారంభమగును. కాలిని దినదినము సబ్బుతో కడిగి, వ్రేళ్ల సందులలో తడి లేకుండ తుడిచి, పుండ్లు పడకుండ కాపాడి, విశ్రాంతివేళ ఎత్తున నుంచి, తగిన వ్యాయామము చేసినచో జ్వరముతో కూడిన పోట్లు తగ్గును. వాపు ముదురుట నిలుచును. చూచుటకిది అతి సామాన్యము. కాని దీని వెనుక శోషరస నాళములను గూర్చిన జీవశాస్త్రమున్నది, ద్రవము పల్లమునకు దిగునను భౌతిక సూత్రమున్నది, మనిషికి ఓపికగా నేర్పు విద్యాశాస్త్రమున్నది. రోగికి కావలసినది చెప్పు పట్టు పాదమే కాదు, నలుగురిలో తలయెత్తుకొని నడచు ధైర్యము కూడ.

ఇట్టి సమావేశమునకు మరియొక నిదర్శనము హైదరాబాదున కలదు. 'అగ్ని' క్షిపణి 1989లో తొలిసారి ఎగిరినది. దాని ముక్కు కాలిపోకుండుటకై అచ్చటి రక్షణ ప్రయోగశాలలో అతి తేలికయు, దృఢమునగు మిశ్రమ పదార్థములు తయారైనవి. నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుడొకడు ఆ పదార్థమును చేత పట్టి చూచి, దాని తేలికదనమునకు ఆశ్చర్యపడి, అబ్దుల్ కలాం గారిని తన ఆసుపత్రికి తోడ్కొని పోయెను. అచ్చట పిల్లలు మూడు కిలోలకు పైబడిన ఇనుప ఆధారములను కాళ్లకు తగిలించుకొని ఈడ్చుకొనుచు నడచుచుండిరి. మూడు వారములలో మూడువందల గ్రాముల ఆధారము తయారైనది. ఈ వృత్తాంతమును కలాం గారే పలుమార్లు చెప్పిరి. ఆ ఆధారము పనిచేయు తీరు మన తొమ్మిదవ తరగతి బాలునకు తెలియనిది కాదు. పాదము నేలను నొక్కగా నేల పాదమును తిరిగి నొక్కును. ఆ ప్రతిచర్య మోకాలికి ముందుగా పోవునట్లు పాదమును నిలిపినచో మోకాలు మడత పడదు. న్యూటను మూడవ సూత్రము బిడ్డను నిలువబెట్టినది! ఈ ఉదాహరణమును పాఠములో చేర్చి చెప్పు ఉపాధ్యాయునకు బెత్తముతో పనియుండదు.

ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతం గారి జీవితమును కూడ ఇచ్చట స్మరింపవలెను. రామన్ శిష్యరికమున కాంతిని పరిశోధించిన ఆయన, గణితములోని సమూహ సిద్ధాంతమును స్ఫటికములకు, అణువులకు అన్వయించిరి; టి. వేంకటరాయుడు గారితో కలసి ఆ విషయముపై గ్రంథము వ్రాసిరి. తరువాత దేశరక్షణ శాఖకు శాస్త్ర సలహాదారుగ పనిచేసిరి. గణితము, భౌతికము, ఇంజనీరింగు ఒక్కని జీవితములో కలసినప్పుడు అవి వేరు వేరు గదులని ఎవరు చెప్పగలరు?

మిగిలినది విద్య. నా దృష్టిలో అన్నిటికన్న కీలకమైనది ఇదియే. 2004లో మన దేశము బోదకాలు ప్రాంతములలో అందరిచేతను ఏటికొకమారు మాత్రలు మ్రింగించు పథకమును చేపట్టినది. మాత్రలు పంచుట ఒకటి, మ్రింగుట మరియొకటి. 'నాకు రోగము లేదే, మందేల?' యని ఒకడు; 'మ్రింగిన మా పొరుగువానికి జ్వరము తగిలినదట' యని మరియొకడు మాత్రను గూటిలో పెట్టిరి. లోని పురుగులు చచ్చునప్పుడు కొందరికి జ్వరమో తలత్రిప్పుటయో కలుగుట సహజమనియు, రోగ చిహ్నములు లేనివాని నెత్తుటిలో సయితము పురుగుపిల్లలుండి దోమద్వారా పొరుగువానికి చేరుననియు తెలుగులో వివరించువాడుండిన ఆ మాత్ర గూటిలో మిగులదు. హార్వర్డునుండి బయలుదేరిన జ్ఞానము మన గడపదాక వచ్చి, ఒక్క మాట కరవై ఆగిపోవుట ఎంత విచారకరము!

ఈ కరవును ముందుగ గుర్తించినవాడు మన ప్రాంతమువాడే. పెనుగంచిప్రోలున జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పి, చరిత్రతోపాటు ప్రకృతి శాస్త్రములను కూడ తెలుగులో ప్రకటింపజేసిరి. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు శ్రీకారము చుట్టిరి. 1968లో తెలుగు అకాడమి వెలసి కళాశాల పాఠ్యగ్రంథములను తెలుగున అందించినది. పదములు లేవను సాకు ఇక చెల్లదు. లేనిది పదము కాదు, పూనిక.

ఒక శాస్త్రములో లోతు దిగనివాడు పది శాస్త్రములను పైపైన తాకి ఏమి సాధించునని ఆక్షేపించువారు కలరు. ఆ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. సుబ్బారావు గారు రసాయనమున లోతు దిగినందుననే ఇతరులకు పనికివచ్చిరి. నేను కోరునది లోతు విడుచుట కాదు. బావి ఎంత లోతైనను చేద వేయుటకు పైన చోటుండవలెను గదా!

కావున నాలుగు సూచనలు. ఏ భాషలో, ఏ శాస్త్రములో సిద్ధాంత గ్రంథము సమర్పించినను, దాని సారమును నాలుగు పుటలలో చదువరియైన రైతుకు తెలియు తెలుగులో జతపరచవలెను. ఇంజనీరింగు, వైద్య, ఉపాధ్యాయ శిక్షణ విద్యార్థులు ఏటికొకమారైనను ఒకే గ్రామమున, ఒకే సమస్యపై కలసి పనిచేయవలెను. అంగవైకల్యము గలవాని కొరకై పరిశోధించువారు మొదట వానినే అడుగవలెను. నాలుగవది ఉపాధ్యాయులకు. దోమగ్రుడ్డు దోమ యగుటకు వారము, పది దినములు చాలును. మీ పిల్లలచేత వారమునకొకమారు బడిచుట్టునున్న నిలువనీటి గుంటలను లెక్కపెట్టించి, పటము గీయించి, ఏ వారమున ఎన్ని తగ్గినవో వ్రాయింపుడు. అందు జీవశాస్త్రము కలదు, గణితము కలదు, ఇంజనీరింగు కలదు, తెలుగు వ్యాసరచనయు కలదు.

విద్యార్థులారా! ఆ లెక్కల పుస్తకము చిన్నదని చులకన చేయకుడు. భాస్వరపు కొలతయు ఒకనాడు చిన్నదే.