రావుగారి సూత్రము – రోగి నిరీక్షణము

ఎం.ఆర్.ఐ. పరీక్ష పేరు వినని కుటుంబము నేడు వరంగల్లునం దరుదు. కాని సామాన్యమైన యా పటము తెలుపునలుపుల తారతమ్యమునే చూపును. కణజాలములోని హైడ్రోజను కలతపడి మరల నెమ్మదించు కాలమును మిల్లీసెకనులలో కొలిచిననే, నిన్నటి స్థితిని నేటి స్థితితో నిక్కముగా పోల్చవచ్చును.

ఇందులకు అడ్డంకి కాలము. కొలిచెడి ఘనపు అంచును సగము చేసినచో సంకేతము ఎనిమిదవ వంతగును. ఆ నష్టమును మరల మరల కొలిచి పూడ్చవలెనన్న 64 రెట్లు కాలము పట్టును. అంతవరకు కదలక పడియుండుట పసిబిడ్డకు సాధ్యమా?

ఈ చిక్కును విప్పు సాధనములలో నొకటి తెలుగువాని మేధనుండి పుట్టినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు 1945లో ప్రకటించిన సూత్రము, కొలతలనుండి ఎంతటి నిశ్చయము లభింపగలదో దానికి హద్దు నిర్ణయించును. 2013లో అమెరికా శాస్త్రజ్ఞులు కణజాలపు ‘వ్రేలిముద్రల’ను సేకరించు శీఘ్రపద్ధతిని ప్రకటించిరి, పిదప పరిశోధకులు ఈ క్రామేర్-రావు హద్దునే గీటురాయిగా గొని, ప్రతి క్షణమును అధిక సమాచార మిచ్చునట్లు దానిని తీర్చిదిద్దిరి.

త్వరితగతిని సేకరించిన సాక్ష్యమును శంకింపవలెననుట న్యాయమే. కావున నిదానపు పద్ధతితో సరిచూచియే దానిని స్వీకరింతము గాక!

రావుగారు 2023లో దివంగతులైరి. వారి పేరు తలచి గర్వించుట సులభము. ఋణము తీరుట ఆచరణమున. 1959లో వెలసిన కాకతీయ వైద్య కళాశాలయు, నేటి జాతీయ సాంకేతిక విద్యాసంస్థయు ఈ నగరముననే యున్నవి. గణితజ్ఞుడును వైద్యుడును ఈ పనికై చేతులు కలుపవలదా? క్రొత్త యంత్రమునకు కోట్లు కావలెను. ఉన్న యంత్రముననే పరీక్షాకాలము తగ్గినచో, వాకిట వేచియున్న మరికొందరికి ఆనాడే పిలుపు వచ్చును.