థర్మోస్టాట్ పీకేస్తే ఇంజను చల్లబడుతుందా?

పహాడీ షరీఫ్ గుట్టమీది బాబా షర్ఫుద్దీన్ దర్గాకు వచ్చే పాత జీపులు, కూరగాయలు దించి ఊళ్లకు తిరిగిపోయే మినీ లారీలు శ్రీశైలం రోడ్డు పక్కన బానెట్టెత్తి, ఆవిర్లు కక్కుతూ నిలబడటం ఎండాకాలంలో మామూలే. డ్రైవరు దగ్గరలోని షెడ్డుకు పరుగెత్తుతాడు. మెకానిక్ వచ్చి రెండు మూడు బోల్టులు విప్పి, లోపలినుంచి ఒక చిన్న ఇత్తడి బిళ్లను లాగి మూలకు విసిరేస్తాడు. "ఇది చలిదేశాలవాళ్లకు. మన ఎండలకు అక్కర్లేదు" అంటాడు. ఆ బిళ్లే థర్మోస్టాట్. ఈ అలవాటువల్ల పాత బండ్లు ఇంకా త్వరగా పాడవుతున్నాయి. యజమానులు దీనికి ఒప్పుకోకూడదు.

చెరువు తూముకు నీరటి ఎట్లాగో ఇంజను నీళ్లకు థర్మోస్టాట్ అట్లాగ. దానిలో మైనం ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు రేడియేటరు దారి మూసి ఉంచుతుంది. నీళ్లు సుమారు 82 డిగ్రీలకు, కొన్ని బండ్లలో 88కి చేరగానే మైనం కరిగి ఉబ్బి తలుపును తోస్తుంది. ఇంజనుకు చల్లదనం ఎంత అవసరమో తగినంత వేడీ అంతే అవసరం.

తలుపే లేకపోతే తెల్లవారుజామున మార్కెట్టుకు బయలుదేరిన బండి చాలా దూరం చల్లగానే నడుస్తుంది. డీజిలు పూర్తిగా కాలదు, పొగ పెరుగుతుంది. కాలని డీజిలు సిలిండరు గోడలమీది ఆయిలును కడిగేస్తుంది, రింగులూ బోరూ అరుగుతాయి. ఆయిలులో చేరిన తేమ ఆవిరి కాక జిడ్డు బురదగా పేరుకుంటుంది. ఈ నష్టం ఒక్కరోజులో కనబడదు కాబట్టే మెకానిక్ మాట నిజమనిపిస్తుంది.

ఇంకో విచిత్రం. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ అడుగున రెండో బిళ్ల ఉంటుంది. పెద్దదారి తెరుచుకున్నప్పుడు అది అడ్డదారిని మూసేస్తుంది. అటువంటిదాన్ని పీకేస్తే నీళ్లలో చాలాభాగం రేడియేటరుకు పోకుండా ఇంజనులోనే చుట్టూ తిరిగి, బండి మరింత వేడెక్కుతుంది!

మన్ననూరు దాటాక ఘాట్‌లో మూసుకుపోయిన థర్మోస్టాట్‌తో చిక్కుకున్నవాడు దాన్ని తీసి నెమ్మదిగా ఇల్లు చేరితే తప్పు పట్టలేం. కాని మర్నాడే కొత్తది వేయించాలి. ధర కొన్ని వందల్లో ఉంటుంది. హెడ్ గాస్కెట్ పోతే అయ్యే ఖర్చుతో పోలిస్తే అది ఖర్చే కాదు.

అది పనిచేస్తున్నదో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. దారానికి కట్టి, అడుగుకు తగలకుండా గిన్నెడు నీళ్లలో వేలాడదీసి పొయ్యిమీద పెట్టండి. నీళ్లు మరగకముందే అది తెరుచుకోవాలి, చల్లారాక గట్టిగా మూసుకోవాలి. కొత్తదాన్నీ ఇట్లాగే చూడండి, కొత్తవన్నీ మంచివని నమ్మనక్కరలేదు. దుకాణానికి పాతదాన్ని తీసుకెళ్లి కొలత, దానిమీది డిగ్రీల అంకె సరిచూసుకోవాలి. 1986లో వచ్చిన టాటా 407కు సరిపోయింది మీ ట్రాక్టరుకు సరిపోతుందని లేదు. బిగించేటప్పుడు స్ప్రింగువైపు ఇంజనులోకి, గాలిరంధ్రం ఉంటే పైకి ఉండాలి. గాస్కెట్ కొత్తదే వేయాలి. ఇదంతా ఇంజను పూర్తిగా చల్లారాకనే. వేడిమీద రేడియేటరు మూత తిప్పి ముఖం కాల్చుకోవద్దు. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగులుతుంది.

అసలు దోషం చాలాసార్లు నీళ్లది. మన బోర్ల ఉప్పునీళ్లు ఏళ్ల తరబడి పోస్తుంటే రేడియేటరు గొట్టాల్లో గార కడుతుంది, థర్మోస్టాట్ బిగుసుకుపోతుంది. గారను వదిలేసి బిళ్లను తిట్టడం న్యాయం కాదు. డిస్టిల్డ్ వాటరులో కూలెంటు కలిపి పోసి, కంపెనీ చెప్పిన గడువుకు మార్చాలి. ఫ్యాన్ బెల్టు, హోస్ పైపులు, రేడియేటరు మూత రబ్బరు కూడా చూసుకోవాలి. చాలా పాత జీపుల్లో వేడిని చూపే ముల్లు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. ముందు దానికి ప్రాణం పోయించండి.

ఫిట్‌నెస్‌కు పోతే బ్రేకులు, లైట్లు, పొగ చూస్తారు గాని థర్మోస్టాట్ విప్పి చూసేవారుండరు. షెడ్డు కుర్రాళ్లు చాలామంది మేస్త్రీ చేసేది చూసి నేర్చుకున్నవారే, వారిని అని లాభం లేదు. తుక్కుగూడ, మహేశ్వరం వైపు షెడ్లవారికి ఐ.టి.ఐ. శిక్షకులు ఒక పూట ఈ పని చేసి చూపించాలి. దీనికి గ్రాంటులేవీ అక్కర్లేదు. ఒక గిన్నె, ఒక పొయ్యి, మూలకు విసిరేసిన నాలుగు పాత థర్మోస్టాట్లు చాలు.